సీరియల్ వెనక పేజీ

పొద్దున్న ఎనిమిది కాకముందే ఇల్లు ఖాళీ అయిపోతుంది. అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకు, మనవరాలు బడికి. ఆ తరువాత సింగపూర్ పుంగ్గోల్‌లో పద్నాలుగో అంతస్తు మీద నేనూ, కిటికీ కింద డ్రైవరు లేకుండా తిరిగే చిన్న రైలూ మిగులుతాం. మొదట్లో దాన్ని చూసి పిల్లలా సంబరపడ్డాను. ఇప్పుడు అది ఎన్నిసార్లు వచ్చి పోయిందో కూడా చూడను. ఇక్కడ గడియారం మన ఊరి గడియారం కంటే రెండున్నర గంటలు ముందుంటుంది. నాకు తెలిసినవాళ్ళంతా అప్పటికి ఇంకా పడుకునే ఉంటారు. ఫోన్ చేద్దామన్నా పలికేవాళ్ళుండరు.

ఒకరోజు అమ్మాయి చెప్పులేసుకుంటూ ఫోన్ నా ముందు పెట్టింది. ఇక్కడి తెలుగువాళ్ళ గ్రూపులో ఎవరో పెట్టిన మెసేజీ. పాత తెలుగు సీరియల్ బైండ్లు నాలుగున్నాయి, ఊరికే ఇచ్చేస్తాం, హౌగాంగ్ వచ్చి తీసుకెళ్ళండి అని. కింద ఫోటో. నాలుగు లావుపాటి పుస్తకాలు, వెన్నుకు నల్ల కాలికో గుడ్డ. ఒకదాని మీద తెల్ల కాగితం ముక్క అంటించి, సిరాతో సీరియల్ పేరు రాశారు. ఆ పేరు చూడగానే ఫోన్ కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాను. లిఫ్టు వచ్చేసిందని అమ్మాయి ఫోన్ లాక్కుని వెళ్ళిపోయింది.

ఆ సీరియల్ వచ్చిన వారపత్రిక పేరు ఇక్కడ రాయను. రాసినా గుర్తుపట్టేవాళ్ళు కొద్దిమందే మిగిలారు. ఒకప్పుడు అది బస్సులో రాకపోతే మా వీధిలో ఆడవాళ్ళకు ఆ పూట అన్నం సయించేది కాదు. తరువాత ఎప్పుడో, ఎవరికీ చెప్పకుండా ఆగిపోయింది. దాని కోసం నేను కొన్నేళ్ళుగా వెతుకుతున్నాను. గ్రంథాలయాల్లో అడిగించాను. పాత పత్రికలు స్కాన్ చేసి పెట్టే కుర్రాళ్ళకు రాశాను. ఒకతను మర్యాదగా, అలాంటి పత్రిక ఒకటి ఉండేదా మేడమ్ అని అడిగాడు. ఆ రోజు నాకు భలే కోపం వచ్చింది.

నాకు పత్రికంతా అక్కర్లేదు. ఒక్క వారం సంచిక, అందులో సీరియల్ చివరి పేజీ, ఆ పేజీ వెనకున్న ఒక ఉత్తరం కావాలి. ఆ ఉత్తరం వల్ల మా అత్త చదువు ఆగిపోయింది. ఆ ఉత్తరం రాసింది అత్తేనని ఇంట్లో తేలడానికి కారణం నేను. అది రాయడానికి అత్తకు అంత కష్టం ఏమొచ్చిందో తెలుసుకోకుండా పోతానేమోనని నా బెంగ.

అప్పుడు నేను మూడో తరగతి. ఒంటిపూట బడులు. మాది చిన్న పెంకుటిల్లు. నాయనమ్మ, నాన్న, అమ్మ, నాన్న చెల్లెలైన మా అత్త, నేను, తమ్ముడు. ఇంటర్లో ఒక్క సబ్జెక్టు పోయి అత్త ఇంట్లో కూర్చుని మళ్ళీ పరీక్షకు చదువుతుండేది. చదువుతుండేది అనడం పెద్దమాటే. లెక్కల పుస్తకంలో వారపత్రిక పెట్టుకుని చదివేదని నాకు తెలుసు. చెప్పకుండా ఉండటానికి నాకు రోజూ గుప్పెడు వేయించిన వేరుశెనగపప్పు ఇచ్చేది.

మా ఇంట్లో గోడగడియారం అరగంట ముందు నడిచేది. పాడై కాదు. నాన్న బస్సు తప్పిపోతున్నాడని నాయనమ్మ దాన్ని ముందుకు తిప్పించింది. నాన్నకు ఆ సంగతి తెలుసు, మనసులో అరగంట తీసేసుకుని మళ్ళీ ఆలస్యంగానే బయల్దేరేవాడు. వీధిలో ఎవరైనా టైమడిగి మేం చెబితే, అది మీ టైమా మా టైమా అని నవ్వేవాళ్ళు.

పత్రిక కొనేది ఎదురింటి పిన్నిగారు. ఆవిడ రెండు రోజులు చదువుకుని మాకిచ్చేది. మా తరువాత మరో రెండిళ్ళు తిరిగి మళ్ళీ ఆవిడ దగ్గరికి చేరేటప్పటికి దాని నిండా పసుపు వేలిముద్రలు, ఊరమిరపకాయల వాసన, పోపు చుక్కలు. అప్పుడావిడ సీరియల్ పేజీలు జాగ్రత్తగా విప్పి దాచేది. సీరియల్ అయిపోయాక బైండింగు అతను వచ్చి మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం కలిపి, పుస్తకంగా కుట్టి ఇచ్చేవాడు. ఆ జిగురు ఉడికే వాసనకు పిల్లలం చుట్టూ మూగేవాళ్ళం. నాకవద్దని చెప్పినందుకే ఒకసారి నాకి చూశాను. రోజంతా నాలుక చేదు.

సీరియల్ చివరి పేజీ వెనక ప్రతివారం ఒకే శీర్షిక వచ్చేది, ‘అక్కయ్యగారి జవాబు’. ఆడవాళ్ళు పేరు రాయకుండా తమ కష్టాలు రాస్తే అక్కయ్యగారు సలహా చెప్పేది. ఆ అక్కయ్యగారు నిజానికి మీసాలున్న మగాడేనని మా అత్త వాదన. సీరియల్ బైండు చేయించుకున్న వాళ్ళందరి ఇళ్ళలోనూ, ఎవరూ దాచుకోవాలనుకోకపోయినా, ఆ ఉత్తరాలు కూడా కుట్టుకుపోయి ఉండిపోయాయి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లంతా నిద్రపోయేది. నాయనమ్మ నోట్లో తమలపాకు అలాగే పెట్టుకుని గురక పెట్టేది. బడి నుంచి రాగానే నేను పలక గుమ్మం పక్కన పడేసి పడుకునేదాన్ని. లేచి చూస్తే పలక తడిగా ఉండేది. నేను వేసుకున్న లెక్కలు మాయం. అది తమ్ముడి పనేనని వాణ్ణి గిల్లి, రక్కి, ఏడిపించేదాన్ని. నేను కాదే అని వాడు మొత్తుకునేవాడు. అమ్మ వచ్చి మమ్మల్ని విడదీసి, పోనీలే మళ్ళీ వేసుకో అంటూ నా చేతిలో బెల్లంముక్క పెట్టేది. దెబ్బలు తిన్న వాడికి కాకుండా నాకెందుకు పెట్టేదో ఆలోచించలేదు. బెల్లం దొరికింది కదా, చాలు.

ఆ ఎండల్లోనే ఒకరోజు అత్త నన్ను పెరట్లోకి పిలిచి ఒక కవరిచ్చింది. వీధి చివర పోస్టుడబ్బాలో వేసి రమ్మంది, ఎవరికీ చెప్పొద్దంది. ఆ రోజు వేరుశెనగపప్పు రెండు గుప్పెళ్ళు. ఇటుక మీద నిలబడి, మునివేళ్ళ మీద లేచి, కవరు లోపలికి నెట్టాను. లోపల అది పడిన చప్పుడు కూడా విన్నాను. డబ్బా నాకందిందని ఎవరికైనా చెప్పుకోవాలని ఎంత ఉబలాటపడ్డానో.

నెలన్నర తరువాత ఎదురింటి పిన్నిగారు పత్రిక పట్టుకుని పరుగున వచ్చింది. అక్కయ్యగారి పేజీలో సగం కూడా చదవకుండానే లేచి వచ్చానంది. నాయనమ్మకు చదువు రాదు. పిన్నిగారే ఒక్క వాక్యం పైకి చదివింది. మా ఇంట్లో గడియారం అరగంట ముందుంటుంది, అయినా నాకు పొద్దు గడవదు. అది చదివి, ఊళ్ళో అలాంటి గడియారం ఇంకెవరింట్లో ఉందండీ అంది. నాయనమ్మ పత్రిక ఆవిడ చేతిలోంచి లాక్కుని ఆ పేజీ పర్రున చింపి, పొయ్యి దగ్గరున్న అమ్మకిచ్చి అందులో పెట్టెయ్యమంది. అమ్మ దాన్ని నాలుగు మడతలు వేసి పొయ్యిలో పెట్టింది. గంజి పొంగి మంట మీద పడుతున్నా చూసుకోకుండా నిలబడిపోయింది.

అప్పుడు నాయనమ్మ అడిగింది, ఇంట్లోంచి ఉత్తరం ఎవరు తీసుకెళ్ళారని. నేను గర్వంగా, నేనే, డబ్బాలో నేనే వేశాను, అత్త ఇచ్చింది అన్నాను. అందరూ నన్నే చూశారు. నన్నెవరూ మెచ్చుకోలేదు. అత్త కాదనలేదు. అమ్మ తలెత్తకుండా పొంగిన గంజి తుడిచింది. నాన్న సాయంత్రం వచ్చి విషయం విని అన్నం తినకుండా లేచిపోయాడు. పొద్దు గడవని ఆడపిల్లకు పెళ్ళి చేసెయ్యాలని నాయనమ్మ తేల్చేసింది. వర్షాలు మొదలయ్యేలోపు ముహూర్తం పెట్టేశారు. అత్త పరీక్ష హాల్‌టికెట్టు పెళ్ళయిన వారానికి వచ్చింది. దాన్ని తీసుకుని ఏం చెయ్యాలో తెలియక అమ్మ బియ్యం డబ్బాలో దాచింది.

ఎదురింటి పిన్నిగారికి మాత్రం వేరే బాధ. చిరిగిన పేజీకి ఇటువైపు సీరియల్. కథానాయిక స్టేషన్లో నిలబడి ఉండగా ముందు వారం ఆగింది. తరువాతి వారం చూస్తే ఇంకెక్కడో ఉంది. రైలెక్కిందా, ఎవరైనా దింపారా అని వీధి ఆడవాళ్ళు నెలరోజులు తగువులాడుకున్నారు. మా అత్త బండెక్కిన సంగతి వాళ్ళకు అంతసేపు కూడా పట్టలేదు. ఈ మాట రాస్తుంటే నాకిప్పటికీ మండుకొస్తుంది.

వెళ్ళే రోజు అత్త నన్ను దగ్గరకు తీసుకుంది. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. “ఏడవకే. నువ్వు చెప్పింది అబద్ధం కాదుగా. కవరిచ్చింది నేనేగా” అంది. ఆ మాట నేను దాదాపు అరవై ఏళ్ళు మోశాను. క్షమించిందనుకున్నాను కానీ నన్ను నేను క్షమించుకోలేకపోయాను. తరువాత ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని చావుల్లో కలిసినా, ఆ ఉత్తరం సంగతి ఇద్దరం ఎత్తలేదు.

ఆ బైండ్ల కోసం హౌగాంగ్‌కు అమ్మాయి సెలవు రోజున తీసుకెళ్తానంది. ఈలోపు ఇంకెవరైనా పట్టుకుపోతే? మర్నాడే ఆ అడ్రసు, రైలు కార్డు, గొడుగు తీసుకుని ఒక్కదాన్నే బయల్దేరాను. ఇక్కడికొచ్చి రెండేళ్ళయినా ఒంటరిగా రైలెక్కడం అదే మొదలు. మూడు స్టేషన్లే. దారంతా నిలబడే ఉన్నాను, కూర్చుంటే దిగడం మర్చిపోతానేమోనని.

తలుపు తీసినాయనకు ఎనభై దాటి ఉంటాయి. పుట్టింది, పెరిగింది ఇక్కడేనట. ఆయన తెలుగులో సగం తమిళం, మధ్యలో మలయ్ మాటలు వినిపించాయి. రండి రండి, మకాన్ అయిందా అని అడిగాడు. తినే వచ్చానన్నా వినకుండా బిస్కెట్లు పెట్టాడు. ఆయన భార్య పోయి ఏడాది. ఆయన చిన్న ఫ్లాటుకు మారిపోతున్నాడు. ఆవిడ పెళ్ళయి ఊరి నుంచి వచ్చేటప్పుడు చీరల మధ్య ఈ నాలుగు పుస్తకాలూ పెట్టుకుని వచ్చిందట. ఇంకో తెలుగు పుస్తకం ఆ ఇంట్లో లేదు. ఆయనకు తెలుగు చదవడం రాదు.

“ఎప్పుడూ ఇవే చదివేదమ్మా. ఒకటే కథ ఎన్నిసార్లు చదువుతావని నవ్వేవాణ్ణి. నేను డ్యూటీ నుంచి వస్తే మూసేసేది. లోపల ఏముంది అని ఒక్కసారీ అడగలేదు” అన్నాడు. ఇప్పుడు మాత్రం, ఏముంది అని నన్నడిగాడు. కథే, మంచి కథ అని చెప్పాను. ఆయన తృప్తిగా తలూపాడు. పుస్తకాలు సంచిలో పెట్టి, లిఫ్టు దాకా వచ్చి, మళ్ళీ ఒకసారి సంచి మీద చెయ్యి వేసి చూసుకుని లోపలికి వెళ్ళాడు.

ఇంటికి వచ్చి ఆ బైండు వాసన చూశాను. జిగురు వాసన పోయింది, పాత కాగితం వాసనే ఉంది. కథానాయిక స్టేషన్లో ఆగిన వారం తరువాతి వారం వెతికాను. రైలెక్కలేదండీ ఆవిడ. రైలే రాలేదు, వంతెన కొట్టుకుపోయిందట. ఈ భాగ్యానికి నెలరోజుల తగువు. పేజీ తిప్పాను. వెనక అక్కయ్యగారి పేజీ. మూడో ఉత్తరం. కింద సంతకం, ఒక సోదరి.

“మా ఇంట్లో గడియారం అరగంట ముందుంటుంది, అయినా నాకు పొద్దు గడవదు. ఇంటినిండా మనుషులే. మంచివాళ్ళే. ఎవరూ నన్ను కొట్టరు, తిట్టరు. కానీ ఈ ఇంటికి వచ్చాక నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. మధ్యాహ్నం అందరూ నిద్రపోయాక పిల్ల పలక మీద నా పేరు రాసుకుని చూసుకుంటాను. ఎవరైనా లేచేలోపు తడిగుడ్డతో తుడిచేస్తాను. రోజూ ఇలా చెయ్యాలనిపిస్తోంది. ఇదేమైనా జబ్బా?”

అత్తను ఇంట్లో అందరూ పేరు పెట్టే పిలిచేవాళ్ళు. రోజుకు ఇరవైసార్లు పిలిచేవాళ్ళు. పేరు లేనిది అమ్మకే. నాయనమ్మకు కోడలుపిల్ల, అత్తకు వదిన, నాన్నకు ఏమేవ్, మాకు అమ్మ. తడిసిన పలక గుర్తొచ్చింది. చేతిలో బెల్లంముక్క గుర్తొచ్చింది. అమ్మ పోయి పదకొండేళ్ళు. నేను ఆ సోఫాలో కూర్చుని పెద్దగా ఏడ్చాను. పద్నాలుగో అంతస్తులో వినేవాళ్ళెవరు.

జవాబు కూడా చదివాను. “సోదరీ, నిండింట్లో ఉండి ఒంటరితనం అనడం తగదు. పనిలేకపోతే పిచ్చి ఆలోచనలు వస్తాయి. కుట్లు అల్లికలు నేర్చుకోండి. అత్తమామలను సంతోషపెట్టండి.” అంతే, మూడు వరుసలు. అత్త చెప్పిన మీసాలు నిజమే అయి ఉండాలి. నెలన్నర ఎదురుచూసిన అమ్మ దీన్ని చదవకుండానే, నాలుగు మడతలు వేసి, తన చేత్తో పొయ్యిలో పెట్టింది. చదవకపోవడమే నయమైంది.

మనవరాలు బడి నుంచి వచ్చి ముక్కు మూసుకుంది. “అమ్మమ్మా, దిస్ వన్ సో స్మెల్లీ లా” అంది. దాన్ని కూర్చోబెట్టి పాలు ఇచ్చాను. నా పేరేమిటో తెలుసా అని అడిగాను. అది పాలగ్లాసు దించి చాలాసేపు ఆలోచించింది. ఆఖరికి, అమ్మమ్మ ఈజ్ అమ్మమ్మ అని తేల్చేసి తన గదిలోకి వెళ్ళిపోయింది. దాని తప్పేముంది, ఎవరూ చెప్పలేదు. ఈ ఊళ్ళో నేను కొట్లోనూ, లిఫ్టులోనూ ఆంటీని, ఇంట్లో అమ్మమ్మని. పేరు పాస్‌పోర్టులో ఉంది.

అక్కడ మధ్యాహ్నం భోజనాలయ్యే వేళ చూసుకుని అత్తకు ఫోన్ చేశాను. ఇప్పుడామె కొడుకు దగ్గర ఉంటోంది. చెవులు బాగానే వినిపిస్తాయి, కళ్ళే కనిపించవు. పత్రిక దొరికిందని, ఉత్తరం చదివానని చెప్పాను.

“అయితే తెలిసిపోయిందన్నమాట” అంది.

ఆ రోజు ఎందుకు కాదనలేదని అడిగాను.

“వదిన రాసి నాకిచ్చింది. అడ్రసు నేనే రాశా. ఆవిడ పేరు బయటికొస్తే మీ నాయనమ్మ పుట్టింటికి పంపేసేది, మీరిద్దరూ ఏమైపోయేవాళ్ళు? నన్నయితే ఎలాగూ పంపెయ్యాల్సిందేగా. కాస్త ముందు పంపారు, అంతే.”

మరి పరీక్ష అన్నాను. లెక్కలు నాకెప్పుడొచ్చాయి కనక అని నవ్వింది. ఆ నవ్వు పూర్తిగా నవ్వులా లేదు. హాల్‌టికెట్టు బియ్యం డబ్బాలో ఉందని అమ్మ ఉత్తరం రాసిందట, పురుగు పట్టకుండా చూస్తున్నానని. పదేళ్ళు అలా రాస్తూనే ఉందట.

“జవాబేం వేశారే? ఆ కాగితం చేతికందలేదుగా. పెళ్ళిలో కూడా వదిన చెవిలో అదే అడిగింది, ఏం రాసుంటారే అని. చదువు” అంది.

పుస్తకం నా ఒడిలోనే తెరిచి ఉంది. మూడు వరుసలు. ఎనిమిదేళ్ళప్పుడు ఎంత గట్టిగా నిజం చెప్పానో గుర్తుంది. కళ్ళజోడు సర్దుకుని, అచ్చులో ఉన్నదాన్ని చదువుతున్నట్టే, ఆగి ఆగి చదివాను.

“సోదరీ, ఇది జబ్బు కాదు. మీ పేరు మీది. పలక మీద వద్దు, కాగితం మీద సిరాతో రాసుకోండి. తుడవకండి. ఈసారి ఉత్తరం రాసినప్పుడు మాకు కూడా ఆ పేరు తెలియజేయండి.”

“మంచి జవాబే వేశారే” అంది అత్త. “మీసాలతను కాడన్నమాట. అన్యాయంగా అన్నాను.”

తరువాత ఎన్నేళ్ళుగానో నోట పలకని అమ్మ పేరు ఒక్కసారి పలికింది. వదిన అనలేదు, పేరే పలికింది. నేనూ ఇటునుంచి పలికాను. నా పేరు పెట్టి పిలిచి, ఇక ఉంటానే అంది.